ఎడమ సగం

అత్తగారు ఆ రోజు నాటకంలో మాట మరిచిపోయిందా, మింగేసిందా?

కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లో పుట్టిన అనుమానం అది. ఇన్నేళ్ళయినా తీరనూ లేదు, ముదరనూ లేదు. మడమలో విరిగిన ముల్లులా దిగినచోటే ఉండిపోయింది. మామూలుగా నడుస్తుంటే గుర్తుండదు. ఎప్పుడైనా నేల గట్టిగా తగిలితే మాత్రం కలుక్కుమంటుంది.

బంధువులంతా చెప్పే కథ ఒకటే. అత్తగారూ, ఆవిడ చెల్లెలూ ఒకే నాటకాల కంపెనీలో ఉండేవారు. ఒక బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని నటిస్తుండగా, నిండు సభలో చెల్లెలు మాట మరిచిపోయి కొయ్యబారిపోయింది. తెర దించేశారు. మర్నాడు కంపెనీ ఆవిణ్ణి పంపించేసింది. అప్పట్నుంచి అక్కకీ చెల్లెలికీ మాటల్లేవు.

కాని ఆ చెల్లెలే ఒకసారి, ఎవరిదో పెళ్ళిలో భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటూ, కొత్త కోడలి చెవిలో ఇంకోలా చెప్పింది. "మరిచిపోయింది నేను కాదమ్మాయ్. కావాలంటే మీ అత్తగారిని అడుగు."

అడగడానికి కోడలికి ఇన్నేళ్ళూ నోరు రాలేదు. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు, చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకున్నాక, చివర్లో ఆయన్నే అడిగేది. ఆయన ఎవరి పక్షానా మాట్లాడేవాడు కాదు.

ఇవాళ ఆ ముల్లు మళ్ళీ కలుక్కుమంది.

"నా చెయ్యేదీ?" అంది అత్తగారు, కోడలి కుర్చీ వెనకాల నిలబడి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని.

ముందు గదిలో ఎడిటింగ్ మిషన్ తెర మీద ఇద్దరు పెద్దావిడలు బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఎడమవైపు అత్తగారు, కుడివైపు ఆవిడ చెల్లెలు. అత్తగారి చెయ్యి మంచినీళ్ళ గ్లాసుని తోసుకుంటూ బల్ల మధ్యకి వచ్చింది. మధ్యకి రాగానే గ్లాసు మాయమైంది. దాని వెనకే వేళ్ళు మాయమయ్యాయి. ఆ వెనక అరచెయ్యి. చివరికి మణికట్టు ఒక్కటే, కత్తితో నరికినట్టు, బల్ల మీద మిగిలింది.

"నిన్నే అడుగుతున్నా. కోసేశావా?"

"నేను కోయలేదత్తయ్యా. మీరే గీత దాటారు."

నోరు దాటాక గానీ ఆ మాట ఎంత మోటుగా పడిందో కోడలికి తెలియలేదు. అత్తగారు చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

అత్తగారి కొడుకు, అంటే కోడలి భర్త, తీస్తున్న సినిమాకి ప్రాణం ఆ బల్ల దగ్గరే ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తర్వాత ఎదురుపడి, ఒకరినొకరు కడిగేసుకునే సీను. అది లేకపోతే మిగతాదంతా తల లేని మొండెం. పేరున్న నటీమణుల్ని తెచ్చుకునే తాహతు అతనికి లేదు. నటన తెలిసిన మనుషులు ఇంట్లోనే ఇద్దరున్నారు. ఇద్దర్నీ అడిగాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇద్దరూ ఒకే షరతు పెట్టారు. అదున్న గదిలో నేనుండను.

అందుకని ఒక ఎత్తు వేశారు. భోజనాల బల్ల ముందు కెమెరాని స్టాండుకి బిగించి, కాళ్ళకి ఇసుక మూటలు కట్టి, పాతేసినట్టు నిలబెట్టారు. లెన్సు మధ్య నుంచి బల్ల మీదికి దారం లాగి, బల్లలో రెండు చెక్కలు కలిసే సందు సరిగ్గా ఆ దారం కిందికి వచ్చేలా జరిపారు. వెనకాల బీరువా అంచు కూడా అదే వరసలో పడింది. వెలుతురు మారకుండా కిటికీలకి నల్లగుడ్డ కొట్టారు. ఒకరోజు అక్క ఎడమ కుర్చీలో కూర్చుని తన మాటలు చెప్పింది, కుడి కుర్చీ ఖాళీ. ఇంకోరోజు చెల్లెలు కుడి కుర్చీలో కూర్చుని తన మాటలు చెప్పింది, ఎడమ కుర్చీ ఖాళీ. మొదటిదాన్లోంచి ఎడమ సగం, రెండోదాన్లోంచి కుడి సగం తీసుకుని ఆ సందు దగ్గర అతికిస్తే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

అతుకు తెలియకూడదంటే నియమం ఒక్కటే. ఎవరి ఒళ్ళూ, ఎవరి నీడా ఆ సందు దాటకూడదు.

అత్తగారు దాటింది. ఆ సమయంలో కోడలు కెమెరా కింద కూర్చుని, కాగితం చూసి చెల్లెలి మాటలు అందిస్తోంది. చూడలేదు. కొడుకు తల్లి మొహంలో పడి చూడలేదు. చూసినవాడు కెమెరామన్ ఒక్కడే. అతన్ని ఇంట్లో అందరూ 'నిదానం' అంటారు.

"చూశాను వదినా," అన్నాడు నిదానం, గోడకి ఆనుకుని. "ఆవిడ మంచి ఊపులో ఉన్నారు కదా, మధ్యలో ఆపడం ఎందుకని..."

"తర్వాతైనా చెప్పాలి కదయ్యా!"

"నిదానంగా చెబుదామనుకున్నా."

"ఇల్లంటుకున్నా నువ్వు కాఫీ తాగాకే చెబుతావు."

భర్త అప్పటికే తల పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. "పర్లేదు. కెమెరా కదపలేదు, బల్ల కదపలేదు. అమ్మా, రేపు ఇంకోసారి చేసేద్దాం. గ్లాసు ముట్టుకోవద్దు, అంతే."

"చెయ్యను."

"అదేంటమ్మా?"

"గ్లాసు తోయకుండా నేను ఆ బల్ల దగ్గర కూర్చోలేను."

"గ్లాసు తోయమని కాగితంలో లేదు కదా!"

"నీ కాగితంలో చాలా లేవురా," అంది అత్తగారు. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళడం కూడా గోడ వెంట, పక్కకి తిరిగి వెళ్ళాలి. భోజనాల గదిలో సగం కెమెరాదే. సినిమా పుణ్యమా అని ఆ ఇంట్లో అందరూ వంటింట్లో నిలబడి కంచం చేత్తో పట్టుకుని తింటున్నారు. బల్ల మీద చెయ్యి వేస్తే భర్త కసురుతాడు. బల్లకున్న మర్యాద ఇంట్లో మనుషులకి లేదని అత్తగారు రోజూ ఒకసారైనా అంటుంది.

*

"అయితే పిన్నినే మళ్ళీ పిలవాలి," అన్నాడు భర్త. నిదానం టీ తాగొస్తానని జారుకున్నాక గదిలో వాళ్ళిద్దరే మిగిలారు.

"పిలిస్తే పనవుతుంది," అంది కోడలు. "గీత నిట్టనిలువుగానే ఉండాలని లేదు. చెయ్యి వచ్చినచోట దాని చుట్టూ వంపు తిప్పొచ్చు. కాని చిన్నత్తయ్య మోచేతులు రెండూ సరిగ్గా అక్కడే ఆనించారు. ఇప్పుడు తిప్పితే అత్తయ్య వేళ్ళు ఆవిడ మోచేతిలోంచి పొడుచుకొస్తాయి. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని అవే మాటలు చెబితే చాలు."

"చెబుతుందంటావా?"

"ఇంకో దారి ఉంది. ఎవర్నీ పిలవక్కర్లేదు."

"ఏంటి?"

ఆమె ఒకటి రెండు మీటలు నొక్కింది. తెర మధ్యలో పైనుంచి కిందికి ఒక నల్లటి గీత పడింది. ఇటొక ఆవిడ, అటొక ఆవిడ. చెయ్యి గీత దాకా వచ్చి, గోడ తగిలినట్టు ఆగింది.

"ఇలా వదిలేద్దాం. అతుకు దాచొద్దు. ఇద్దరూ వేరువేరు చోట్ల ఉన్నారని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. చెయ్యి ఎందుకు ఆగిందో కూడా తెలుస్తుంది."

"తీసెయ్."

"ఒక్కసారి పూర్తిగా చూడండి."

"తీసెయ్యమన్నానా? నా సినిమాలో గోడ కట్టకు."

"నేను కట్టలేదండీ. ఉన్నదే."

 మిషన్ లోపలి ఫ్యాను గుర్రుమంటోంది. వంటింట్లో అత్తగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు అవసరమైన దానికంటే ఎక్కువగా వినిపిస్తోంది.

"పొద్దున లేచి దేవుడి ముందు కూర్చుంటా," అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా. "లేచి వచ్చి రోజంతా లేనిదాన్ని ఉన్నట్టు అతికిస్తా. ఇది తప్పా కాదా అని అడిగితే నాకే తెలియదు."

"సినిమా అంటేనే అతుకు."

"పొయ్యి మీద పాలు ఒకరోజు, తాగడం ఇంకోరోజు తీస్తాం. అది అతుకే, దానికి నేనేమీ అనుకోను. ఇది మీ అమ్మగారూ మీ పిన్నీ."

"వాళ్ళిద్దరూ ఒక్కసారి తెర మీద కలిసి కనబడితే..." అని ఆగాడు అతను. "తమని తాము చూసుకుంటే, ఏమో, మనసు కరగొచ్చు."

ఆమె అప్పుడు తిరిగి చూసింది. "ఓహో. మనుషులతో కానిది మిషన్‌తో చేయిద్దామని."

"అందులో తప్పేముంది?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మీ పిన్ని గుమ్మం ఎక్కి, అసలేం జరిగిందని అడిగారా? సినిమాకి రమ్మనడానికి మాత్రం వెళ్ళారు. పళ్ళు కూడా పట్టుకెళ్ళారు."

"నువ్వడిగావా మరి? ఇదే ఇంట్లో ఉంటున్నావు. మా అమ్మ పక్కనే రోజూ కూరగాయలు తరుగుతావు. ఎప్పుడైనా అడిగావా?"

ఆమె నల్లటి గీత తీసేసింది. తెగిన చెయ్యి మళ్ళీ తెర మీదికి వచ్చింది.

*

వంటింట్లో అత్తగారు కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడుగుతోంది.

కోడలు గుడ్డ తీసుకుని పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. ఇద్దరికీ అలవాటైన పని. నోటితో మాట్లాడక్కర్లేనిది.

"అత్తయ్యా, ఆ గ్లాసు ఎందుకు తోశారు?"

"దాహం వేసింది."

"మీకా?"

అత్తగారు గ్లాసు అడుగున లేని మరకని గోటితో గీకింది.

"దానికి."

కోడలు తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టింది. "అవతల కుర్చీలో ఎవరూ లేరు కదా అత్తయ్యా."

"లేకపోబట్టే తోయగలిగాను."

కొళాయి కట్టేసింది అత్తగారు. చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది, నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నా. ఇంకొక్క మాట ఉంది. కోడలికి ఆ సంగతి తెలుస్తోంది. రోజూ ప్రార్థన అయిపోయి లేచాక కూడా అత్తగారి పెదవులు కొంచెంసేపు కదులుతూనే ఉంటాయి. ప్రార్థనలో లేనిదేదో అంటాయి. ఎన్నోసార్లు చెవి ఒగ్గింది, ఎప్పుడూ వినపడలేదు.

"అత్తయ్యా, ఆ రోజు నాటకంలో..."

"అన్నం చల్లారిపోతుంది. వాణ్ణి పిలువు."

అంతే. ఏళ్ళ తరబడి మోసిన ప్రశ్న సగం దాకా వచ్చి, తెర మీద చెయ్యిలాగే, అక్కడ ఆగిపోయింది.

*

చిన్నత్త మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి, "అదేది?" అంది.

"గదిలో ఉన్నారు. తలుపేసుకున్నారు," అంది కోడలు.

"గడియ?"

"లోపల్నుంచి పెట్టుకున్నారు."

"మంచిది. నాకు బయటినుంచి పెట్టే శ్రమ తప్పింది."

దర్శకుడైన భర్త ఎదురొచ్చి, "పిన్నీ, చేతులొక్కటీ ఒళ్ళో పెట్టుకుంటే చాలు, పెద్ద పని కాదు," అని మొదలుపెట్టాడు. ఆవిడ అరచెయ్యి చూపించి ఆపింది.

"చేతులు నరికిమ్మన్నా ఇస్తాను గానీ, ఎందుకో ముందు చూపించు. నాటకాల వాళ్ళం, ఎందుకో తెలియకుండా కాలు కదపం."

ఆవిణ్ణి మిషన్ ముందు కూర్చోబెట్టి, భర్తని లైట్లు చూసుకోమని పంపేసి, కోడలు సీను వేసింది.

చిన్నత్త ముందు తనని తాను చూసుకుని, "ఈ గడ్డం కింద సంచి ఎప్పుడొచ్చిందే నాకు?" అంది. తర్వాత నవ్వలేదు. ఎడమవైపు నుంచి చెయ్యి బయల్దేరింది. గ్లాసు కదిలింది. గీత దగ్గర అన్నీ మాయమయ్యాయి.

"మళ్ళీ వెయ్యి."

వేసింది.

"ఇంకోసారి."

ఈసారి ఆవిడ తన మొహం చూడలేదు, అక్క మొహమూ చూడలేదు. బల్ల మీద ఆ చెయ్యొక్కటే చూసింది.

"చెయ్యి వచ్చింది," అంది చివరికి. "మాట రాలేదు. అప్పుడూ ఇంతే."

కోడలు ఆవిడ వైపు తిరిగింది. "అప్పుడంటే..."

"ఆ నాటకంలోనూ బల్లే, గ్లాసే. అది గ్లాసు నా వైపు తోసి ఒక మాట అనాలి. 'తాగు. తాగి మాట్లాడు. నీ మాట పూర్తయ్యేదాకా నేను లేవను.' దానికి నేను 'లేవవుగా?' అని ఎత్తుకుని, కడుపులోదంతా వెళ్ళగక్కాలి. నాటకం మొత్తానికి నాకున్నది ఆ ఒక్క ఘట్టమే అమ్మాయ్. మిగతాదంతా తలుపులు తీయడం, దీపాలు తేవడం. అంతకుముందు ఊళ్ళో ఆ ఘట్టానికి చప్పట్లు ఆగలేదు. దాని మాటకంటే నా మాటకి ఎక్కువ కొట్టారు."

ఆగింది. తెర మీది చెయ్యి వైపు మళ్ళీ చూసింది.

"ఆ రోజు గ్లాసు తోసింది. నోరు విప్పలేదు. అది అనకుండా నేను 'లేవవుగా' అని ఎవరితో అనను? నోరు తెరుచుకుని కూర్చున్నాను. చూసేవాళ్ళకి వంతు ఎవరిదో ఏం తెలుసు? తెరిచిన నోరే కనబడుతుంది వాళ్ళకి."

"మరిచిపోయారేమో చిన్నత్తయ్యా. ఎవరికైనా..."

"మరిచిపోతే మర్నాడు చెప్పాలిగా, మరిచింది నేనని? కంపెనీ వాళ్ళు నా పెట్టె బయట పెడుతుంటే అది అద్దం ముందు కూర్చుని జడ అల్లుకుంటోంది. అల్లడం అయిపోయాక విప్పి మళ్ళీ అల్లింది." చిన్నత్త కుర్చీలోంచి లేచింది. "నాకు ఆస్తిలో వాటా అక్కర్లేదు, కన్నీళ్ళక్కర్లేదు. ఒక్క మాట బాకీ ఉంది అది నాకు. ఇవ్వదు. పోనీ. పద, మీ పని కానిద్దాం."

రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఒక షరతు. కుడి సగం నాది, అది నీకిస్తాను. ఎడమ సగంలో ఏం పడినా, నీడ పడినా, పురుగు పడినా, మనిషి పడినా పారెయ్యాలి. మొన్న తీసిన దాని బొమ్మ అతికించుకో. బొమ్మ కాబట్టి భరిస్తాను. మావాడి సంగతి నాకు తెలుసు. ఏదో మాయ చేసి దాన్ని తెచ్చి నా ఎదురుగా కూలేస్తాడు."

"అలా జరగదు చిన్నత్తయ్యా."

"జరిగినా పారేస్తానని మాటివ్వు. కత్తెర నీ చేతిలోనే ఉంది కదా."

"ఇస్తున్నా."

"దేవుడి మీద?"

కోడలు తటపటాయించింది. మనుషులు తేల్చుకోలేని వాటికి దేవుణ్ణి సాక్షిగా నిలబెట్టడం ఆమెకి నచ్చదు. కాని ఎదురుగా ఉన్న కళ్ళు తడిగా లేవు. ఎండిపోయి ఉన్నాయి. అవి చూసి కాదనలేకపోయింది.

"దేవుడి మీదే."

*

మొదటిసారే అంతా కుదిరింది. చిన్నత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ కుర్చీ వీపుకి అంటించిన తెల్లటి గుర్తు వైపు చూస్తూ, సీను మొత్తం గడగడా చెప్పేసింది. ఆ గుర్తు అక్క కళ్ళుండే ఎత్తులో పెట్టారు. కోడలే కొలిచి అంటించింది. కెమెరా కింద నేల మీద కూర్చుని, ఉప్పూ కారం లేని గొంతుతో అక్క మాటలు అందించిందీ ఆమే.

"అయిందా?" అంది చిన్నత్త.

"అద్భుతం పిన్నీ. జాగ్రత్త కోసం ఇంకొక్కసారి."

"జాగ్రత్త నాకెందుకురా, నీకు కావాలి గానీ. కానీ."

మళ్ళీ మొదలైంది. నల్లగుడ్డల వెనక మధ్యాహ్నం ఎక్కడుందో తెలియకుండా ఉంది గది. ఒక్క దీపం వెలుతురు బల్ల మీద పరుచుకుని ఉంది.

గ్లాసు తోసే చోటు దగ్గర పడుతుండగా లోపల గడియ తీసిన చప్పుడైంది.

కోడలి నోట్లో మాట సగంలో ఆగింది. అత్తగారు నిండు గ్లాసు పట్టుకుని, తొణక్కుండా, గోడ వెంట పక్కకి తిరిగి వచ్చింది. కెమెరాని తాకలేదు. ఇసుక మూటలు దాటింది. ఎడమ కుర్చీ లాక్కుని కూర్చుంది.

నిదానం చెయ్యి కెమెరా మీట మీదికి వెళ్ళింది. దర్శకుడు ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆపొద్దని తల ఊపాడు.

చిన్నత్త లేవలేదు, చూపు తిప్పలేదు. ఇంతసేపూ ఏ గుర్తు వైపు చూస్తోందో సరిగ్గా అక్కడే ఇప్పుడు అక్క కళ్ళున్నాయి.

అత్తగారు గ్లాసుని తోసింది. అది చెక్కల సందు దగ్గరికి వచ్చింది. చిన్నగా గతుక్కుమని, దాటింది. వేళ్ళు దాటాయి. మణికట్టు దాటింది. ఎక్కడా తెగలేదు.

ఆ తర్వాత రావాల్సింది మాట. చిన్నత్త పెదవులు కొంచెం విడివడ్డాయి. ఆ రోజు సభలో జనం చూసిన నోరు అదేనని కోడలికి అర్థమైంది. దేవుడా, ఈసారి కూడా కాదు, అనుకుంది.

"తాగు," అంది అత్తగారు. "తాగి మాట్లాడు. నీ మాట పూర్తయ్యేదాకా నేను లేవను."

తడుముకోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ దించాలో అక్కడ దించి, సభ చివరి వరసకి కూడా వినపడేలా అంది. ప్రార్థన తర్వాత పెదవుల మీద కదిలేది ఇదే. ఇంత భద్రంగా ఉన్న మాట ఆ రోజు ఎలా జారిపోయింది? లేక ఆ రోజు జారిపోయింది కాబట్టే ఇన్నేళ్ళూ ఇంత భద్రంగా పెట్టుకుందా? కోడలి ముల్లు ఊడిరాలేదు. రెండుగా విరిగింది.

చిన్నత్త గ్లాసు అందుకుంది. గుక్క తిప్పుకోకుండా, అడుగు దాకా తాగింది. ఖాళీ గ్లాసు తన వైపే, బల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టింది.

"ముట్టింది," అంది.

లేచి నిలబడింది.

"పిన్నీ!" దర్శకుడు అరిచాడు. "నీ మాట... అది చెప్పు పిన్నీ. గుర్తుందిగా నీకు?"

"ప్రతి అక్షరం గుర్తుందిరా. దీనికి చెప్పను." పమిట సర్దుకుంది. "ఇవ్వాల్సింది ఇచ్చింది, నేను పుచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా మిగిలింది అదొక్కటే. రోజూ పొద్దున లేవగానే దాన్ని తిట్టుకోవడానికి అదొకటి ఉండేది. ఇక ఏమీ లేదు."

తలుపు దగ్గర ఆగి కోడలి వైపు చూసింది.

"ఎడమ సగం. గుర్తుందిగా?"

వీధి తలుపు తీసి మూసిన చప్పుడైంది.

దర్శకుడు కోడలి పక్కన నేల మీద కూలబడ్డాడు. "అతుకు లేదు," అన్నాడు గుసగుసగా. "చూశావా? అసలు అతుకే అక్కర్లేదు. ఇద్దరూ ఒకే ముక్కలో ఉన్నారు. ఇదే పెడదాం."

"పెట్టలేను. ఎడమ సగం పారేస్తానని మాటిచ్చాను."

"ఎవరికి?"

"చిన్నత్తయ్యకి. దేవుడి మీద."

"నాకు చెప్పకుండా నా సినిమా మీద నువ్వెలా మాటిస్తావు?" అతను లేచి నల్లగుడ్డ పక్కకి లాగాడు. పగటి వెలుతురు బల్ల మీద పడి, పొదివి కాపాడుకున్నదంతా ఒక్కసారిగా చెడిపోయింది. "దాన్ని నువ్వు కోశావంటే ఈ ఇంట్లో మిషన్ ముందు మళ్ళీ కూర్చోవద్దు. విన్నావా?"

ఆమె వినలేదు. ఎడమ కుర్చీ వైపు చూస్తోంది. అత్తగారు అక్కడే ఉంది. చేతులు బల్ల మీద, చూపు ఎదుటి ఖాళీ కుర్చీ మీద. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు, నిదానం ఆపలేదు.

కోడలు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "అయిపోయిందత్తయ్యా. లేవండి."

"ఎలా లేస్తానే?" అంది అత్తగారు. "అది ఇంకా మాట్లాడలేదుగా."